ఎంగిలిపూల నుంచి దసరా దాకా: ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

పెత్తరమాస నాడు ఎంగిలిపూలతో బతుకమ్మ మొదలైతే సద్దుల దాకా తొమ్మిది రోజులు పలహారమే. ఆ వెంటనే దసరా యాట కూర, ఇరవై రోజులకు దీపావళి మిఠాయి. షుగర్ ఉందని తెలిసినవాళ్లు ఎంతో కొంత నోరు కట్టుకుంటారు. దెబ్బ తినేది "నాకింకా రాలేదు, బార్డర్‌లోనే ఉంది" అనేవాళ్లు.

తిన్న బువ్వ గ్లూకోజై రక్తంలోకి వస్తే, దాన్ని కండల్లోకి పంపేది ఇన్సులిన్. పొట్టలో, కాలేయంలో కొవ్వు పేరుకున్నకొద్దీ దాని మాట చెల్లదు. ఇదే ఇన్సులిన్ రెసిస్టెన్స్. క్లోమం రెట్టింపు ఇన్సులిన్ వదిలి ఎట్లనో నెట్టుకొస్తుంది. అందుకే షుగర్ రిపోర్టు ఏండ్ల తరబడి బాగానే కనబడుతుంది. క్లోమం అలిసిపోయాకే అంకె పైకి లేస్తుంది.

పండుగకు రెండు వారాల ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు నడుమ టేపు పెట్టి, ఊపిరి వదిలి నడుము కొలవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి. మెడ వెనక, చంకల్లో ఎంత రుద్దినా పోని నలుపు మురికి కాదు, ఇదీ ఒక గుర్తే. పరగడుపు షుగర్ 100 నుంచి 125, హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల షుగర్ సగటు) 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అదే బార్డర్. రక్తంలోని కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు 150 దాటాయేమో కూడా చూడండి. చాలామందిలో షుగర్ కంటే ముందు పెరిగేది అవే. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు హెచ్‌బిఎ1సి ఉన్నదాని కంటే ఎక్కువ చూపించవచ్చు కాబట్టి, ఆ ఒక్క అంకె చూసి బెంబేలు పడొద్దు.

ఇక నైవేద్యాలు. అటుకుల నాడు అటుకులు, బెల్లం. నానబియ్యం నాడు బియ్యం, పాలు, బెల్లం. వేపకాయల నాడు బియ్యప్పిండిని నూనెలో వేయించినవి. పేర్లు వేరైనా చాలావరకు సరుకు బియ్యం, బెల్లమే. "బెల్లమైతే ఏం కాదు" అనే మాట ప్రతి ఇంట్లో వినబడుతుంది. అది తప్పు. 20 గ్రాముల బెల్లం దగ్గరదగ్గర నాలుగు టీస్పూన్ల చక్కెరతో సమానం. రొట్టె, బెల్లం కలిపి కట్టే మలీద జొన్నరొట్టెతో చేసినా లెక్క మారదు, జొన్నపిండిలోనూ దాదాపు డెబ్బై శాతం పిండిపదార్థమే.

ప్రసాదం వద్దనాల్సిన పని లేదు. నిమ్మకాయంత ముద్ద తీసుకుని, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించండి. పల్లి, నువ్వుల సత్తులో పొడికి సమంగా బెల్లం వేసే అలవాటుంటే సగానికి దించండి. వేయించిన పల్లీలు, నువ్వులు రోట్లో బాగా దంచితే వాటి నూనే ముద్ద కట్టిస్తుంది. మిక్సీలో పొడిపొడిగా తిప్పితే ముద్ద కాదు, అప్పుడే బెల్లం మీద బెల్లం పడుతుంది.

సద్దుల నాడు పెరుగు, పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్ది అంటూ ఐదు రకాలు కనబడతాయి గానీ, ఐదూ అన్నమే. ఒక్కోటి రెండు చెంచాలకు మించకుండా, అన్నీ కలిపి ఒక చిన్న కప్పు చాలు. ముందు కీర ముక్కలు, ఒక గుప్పెడు శనగ గుగ్గిళ్లు తిని తర్వాత సద్ది ముట్టండి. పీచు, మాంసకృత్తులు ముందు పడితే గ్లూకోజు మెల్లగా ఎక్కుతుంది.

బతుకమ్మ ఆడటమే మంచి వ్యాయామం. గంటసేపు చప్పట్లు కొడుతూ తిరిగితే కండలు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజు లాక్కుంటాయి. అయితే మన వరుస ఆట, తర్వాత సత్తు, ఆ వెంటనే బండెక్కి ఇల్లు. హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గరైనా, ఊరి చెరువు కట్ట మీదైనా సత్తులు తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడిచి కదలండి. అరికాళ్లు మొద్దుబారినవాళ్లు చెప్పులు లేకుండా తిరగొద్దు. గాజుపెంకు దిగినా తెలియదు. రాత్రి ఆట ఎంత ఆలస్యమైనా నిద్ర తగ్గనీయకండి. ఒక్క రాత్రి నాలుగు గంటలే పడుకున్నా మర్నాడు ఇన్సులిన్ పనితనం పడిపోతుంది.

దసరా నాడు కూర కంటే బగారా అన్నంతోనే జాగ్రత్త. కొవ్వు బాగా ఉన్న కూరతో తింటే షుగర్ ఆలస్యంగా, మూడు నాలుగు గంటలకు పెరగవచ్చు. రెండు గంటలకు చూసి బాగుందని మళ్లీ వడ్డించుకుంటే మోసపోతారు.

అసలు ప్రమాదం షుగర్ మందులు వేసుకునేవాళ్లకు. గ్లిమిపిరైడ్ లాంటి గోలీలు, ఇన్సులిన్ వాడుతూ నవరాత్రి ఉపవాసం ఉన్నా, ఖాళీ కడుపుతో మద్యం తాగినా షుగర్ 70 కిందికి జారవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే ఆ భయం తక్కువ గానీ, దాని మీద అతిగా మద్యం తాగడమూ ప్రమాదమే. డపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు ఉపవాసానికి ముందే డాక్టర్‌ను అడగాలి. రోజంతా తినకపోతే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) చేరవచ్చు. షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. సత్తు ముద్ద ఇక్కడ పనికిరాదు, అందులోని నూనె తీపిని వెంటనే ఒంటబట్టనీయదు. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

దసరా తెల్లారి మిగిలిన సత్తు డబ్బాలో దాచొద్దు, పంచేయండి. హెచ్‌బిఎ1సి రెండు మూడు నెలల సగటు చెప్తుంది కనుక మళ్లీ పరీక్ష సంక్రాంతి సకినాలు మొదలవ్వక ముందు చేయించుకుంటే సరిపోతుంది.