మొదటి ఏడాది పిల్లల సామాన్లు: ఏవి ముందే కొనాలి, ఏవి ఆగి కొనాలి, ఏవి అసలు కొనకూడదు

మా పెద్దది పుట్టకముందు నేను రాసుకున్న లిస్ట్ మూడు పేజీలుండేది, రెండోవాడికి అర పేజీ కూడా రాలేదు. డబ్బు మిగుల్చుదామని కాదండి, మొదటిసారి షాపుల్లో ఏం అమ్ముతున్నారో చూసి రాసుకున్నా, రెండోసారికి పసిపిల్ల రోజంతా ఏం చేస్తుందో చూసి రాసుకున్నా, అంతే తేడా. పడుకుంటుంది, పాలు తాగుతుంది, తడుపుతుంది, అప్పుడప్పుడు బయటికొస్తుంది. ఈ నాలుగు పనులకి ఏం కావాలో అవి పుట్టే రోజుకి ఇంట్లో ఉంటే చాలు, మిగతావన్నీ బిడ్డ పెరిగేదాన్ని బట్టి కొనుక్కోవచ్చు.

స్టెప్ 1: ఒక లిస్ట్ కాదు, మూడు లిస్టులు రాయండి

ఒకటి పుట్టే రోజుకి ఉండాల్సినవి, రెండోది 4 నుంచి 6 నెలల మధ్య కావాల్సినవి, మూడోది పాకడం మొదలయ్యాక కావాల్సినవి. ఇలా ఎందుకంటే పుట్టినప్పటి బరువు 5 నెలలకి దాదాపు రెట్టింపు అవుతుంది, ఏడాదికి మూడింతలవుతుంది, అంటే ఇవాళ కొన్న సైజు రెండు నెలల తర్వాత పనికిరాదు. బట్టలు ముచ్చటపడి డజన్లు డజన్లు కొనేసి సగం ఒక్కసారి కూడా తొడగకుండా పక్కన పెట్టినదాన్ని చెప్తున్నా వినండి, పుట్టినప్పటి సైజులో ఒక ఆరేడు జతలు, అన్నీ ముందు వైపు తెరుచుకునేవి, తాళ్ళూ పెద్ద గుండీలూ లేనివి, చాలు. తొడిగేముందు ఒకసారి ఉతకండి. బూట్లు అసలొద్దు, బయట నడిచేదాకా ఆ కాళ్ళకి బూట్లతో పనిలేదు.

స్టెప్ 2: పడక మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి

అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకి 14 నుంచి 17 గంటలు నిద్రలోనే ఉంటుంది కాబట్టి లిస్ట్ లో అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు ఇదే, కానీ విచిత్రం ఏంటంటే అందరూ తప్పులు చేసేదీ ఇక్కడే, ఎందుకంటే మెత్తగా ఉంటే బిడ్డకి హాయిగా ఉంటుందనుకుంటాం. నిజానికి పసిబిడ్డకి కావాల్సింది గట్టిగా, చదునుగా ఉండే పరుపు. చేత్తో నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి, గుంట పడి ఉండిపోతే అది వద్దు. పరుపుకీ బిడ్డ పడుకునే ఊచల తొట్టి (క్రిబ్) అంచుకీ మధ్య రెండు వేళ్ళకన్నా ఎక్కువ సందు ఉండకూడదు, ఊచల మధ్య దూరం 6 సెంటీమీటర్లు దాటకూడదు, దాటితే ఒళ్ళు దూరిపోయి తల ఇరుక్కుంటుంది. ఒక పక్క కిందికి జారే పాత రకం తొట్టిని ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి, అమెరికాలో 2011 నుంచి వాటి అమ్మకమే ఆపేశారు.

ఇక తొట్టిలో ఏం వెయ్యాలంటే పరుపుకి బిగుతుగా తొడిగే ఒక షీట్, దానిమీద వెల్లకిలా బిడ్డ. అంతే. దిండు లేదు, బొంత లేదు, చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు లేవు, బొమ్మలు లేవు. ఖాళీగా బోసిగా ఉందే అని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ అంటారు, అననివ్వండి. అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టండి అని పెద్ద ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో కారణం తెలియకుండా జరిగే పసిపిల్లల మరణాలు తర్వాతి ఏళ్ళలో దాదాపు సగానికి తగ్గాయి, ఏ ఖరీదైన మెషీన్ కొనకుండానే. చలికి దుప్పటి బదులు చేతులు బయటికుండే స్లీప్ సాక్ (సంచిలా ఒంటికి తొడిగే బట్ట) వాడండి, బరువు పూసలు కుట్టినవి మాత్రం వద్దు. గుడ్డలో చుట్టడం అలవాటుంటే బిడ్డ ఒక పక్కకి తిరగడానికి ప్రయత్నం మొదలుపెట్టిన రోజే మానెయ్యాలి.

తొట్టి మీ గదిలోనే, మీ మంచం పక్కనే కనీసం 6 నెలలు ఉంచండి. గది ఒకటే, పక్క మాత్రం వేరు. సోఫాలో బిడ్డని గుండెల మీద వేసుకుని నిద్రపోవడం చాలా ప్రమాదం, రాత్రి పాలిచ్చేటప్పుడు ఇది తెలియకుండా జరిగిపోతుంది, నాకూ జరిగింది, ఉలిక్కిపడి లేచాను, ఆ తర్వాత రాత్రిపూట సోఫా జోలికే వెళ్ళలేదు.

వాలుగా ఉండే సీట్లు, ఊగే సీట్లు ఉంటాయి కదా, వాటిలో నిద్రపోతే తీసి చదునుగా పడుకోబెట్టాలి. పసిబిడ్డ తల బరువు, మెడకి బలం తక్కువ, వాలుగా ఉంటే గడ్డం ఛాతీకి ఆనుకుని గాలి దారి మూసుకుపోతుంది. తల గుండ్రంగా రావాలని అమ్మే గుంట దిండ్లు కూడా కొనకండి, దానికి మందు మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేసి ఆడించడం. మొదట్లో ఒకటి రెండు నిమిషాలు, రెండు నెలలొచ్చేసరికి రోజు మొత్తం మీద 15 నుంచి 30 నిమిషాలు, నేల మీద ఒక చాప పరిస్తే సరిపోతుంది.

స్టెప్ 3: డైపర్లు చిన్న ప్యాకెట్ తోనే మొదలుపెట్టండి

మొదటి వారాల్లో రోజుకి 8 నుంచి 12 దాకా మారుస్తాం, ఆ లెక్క చూసి భయపడి న్యూబార్న్ సైజువి పెద్ద పెద్ద పెట్టెలు కొనేస్తాం, తీరా చూస్తే కొందరు పిల్లలు ఆ సైజు దాటేసే పుడతారు. ఒక చిన్న ప్యాకెట్, దాని పై సైజుది ఇంకొకటి. గుడ్డవి వాడదామనుకుంటే ఓ 20 నుంచి 24 ఉంటే రెండు రోజులకోసారి ఉతుక్కోవచ్చు. బొడ్డు ఊడేదాకా డైపర్ ముందు అంచు కిందికి మడిచి కట్టండి, అక్కడ గాలి తగిలి ఆరాలి.

వాసన లేని వైప్స్, జింక్ ఆక్సైడ్ ఉన్న రాష్ క్రీమ్, మడత పెట్టుకునే ఒక మ్యాట్. డైపర్ మార్చే టేబుల్ మేం కొన్నాం, రెండు నెలల తర్వాత దానిమీద ఉతికిన బట్టలు పెట్టుకున్నాం. నేల మీద మారిస్తే పడిపోతుందన్న భయమే ఉండదు. టాల్కం పౌడర్ వద్దు, ఆ పొడి గాల్లో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

స్టెప్ 4: పాల సామాను మీరిచ్చే పద్ధతిని బట్టి

తల్లిపాలు నేరుగా తాగుతుంటే మొదటి వారాల్లో కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. మొదటి 6 నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఉద్యోగానికి వెళ్ళాల్సి వస్తేనో, బిడ్డ సరిగ్గా పట్టకపోతేనో పాలు తీసే పంప్ అవసరం పడుతుంది, ముందే కొని పెట్టుకోవాల్సిన పనిలేదు. తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్ లో 4 రోజులు, ఫ్రీజర్ లో 6 నెలలు బాగుంటాయి. చిన్న చిన్న సంచుల్లో 60 నుంచి 120 మిల్లీలీటర్ల చొప్పున పోసి పైన తేదీ రాసి పెట్టండి, పెద్ద సీసా నిండా పోస్తే సగం పారబోయాల్సి వస్తుంది, ఆ పాలు పారబొయ్యడమంత బాధ ఇంకోటి లేదు.

పొడి పాలైతే ముందు నీళ్ళు కొలిచి తర్వాత పొడి వెయ్యాలి, అదీ ఆ డబ్బాలో వచ్చిన చెంచాతోనే, పొదుపని పల్చగా కలపకూడదు. కలిపిన పాలు 2 గంటల్లోపు వాడాలి, బిడ్డ నోరు పెట్టాక గంటే, మిగిలినవి పారబోయడమే. సీసాలు ఒకేసారి ఎనిమిదో పదో ఉన్న సెట్ కొనకండి, రెండు రకాలవి ఒక్కోటి తెచ్చి ఏ పాలపీక నోట పెట్టుకుంటుందో చూడండి, మా వాడు ముచ్చటగా మూడు రకాలు ఉమ్మేసి నాలుగోది పట్టాడు. సీసాల్లో క్రిములు చంపే స్టెరిలైజర్ ఉంటే సుఖమే, లేకపోయినా విడదీసి కడిగి నీళ్ళలో 5 నిమిషాలు మరిగిస్తే సరిపోతుంది. పాలు వెచ్చబెట్టే మెషీన్ కూడా అంతే, వేడినీళ్ళ గిన్నెలో సీసా ఉంచితే అయిపోతుంది. మైక్రోవేవ్ లో మాత్రం పెట్టకండి, ఒక చోట చల్లగా ఒక చోట కాలిపోయేలా ఉంటాయి, చేతికి తెలియదు.

స్టెప్ 5: కారుంటే కార్ సీట్, అదీ పుట్టకముందే బిగించి చూసుకోవాలి

హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చే మొదటి ప్రయాణానికే ఇది కావాలి. బిడ్డ ముఖం కారు వెనక వైపు ఉండేలా కూర్చోబెట్టాలి, ఎందుకంటే ముందునుంచి గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ మెడ మీద పడకుండా సీటు మొత్తం వీపు, తల, మెడ అన్నిటినీ కలిపి కాస్తుంది. యూరప్ లో కొత్త నియమం ప్రకారం 15 నెలల దాకా ఇలాగే ఉండాలి, సీటు ఒప్పుకుంటే ఇంకా ఎక్కువ కాలం ఉంచడం మంచిది, కాళ్ళు మడిచినట్టున్నాయని తొందరపడి ముందుకి తిప్పకండి. ఎయిర్ బ్యాగ్ ఆన్ లో ఉన్న ముందు వైపు సీట్లో ఇలా పెట్టడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే.

బెల్టు భుజం దగ్గర వేళ్ళతో గిల్లినట్టు పట్టుకుని చూడండి, మడత దొరికితే వదులుగా ఉన్నట్టు. దళసరి స్వెట్టర్ మీద బెల్టు పెడితే బిగుతుగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ దెబ్బ తగిలినప్పుడు ఆ దూదంతా అణిగిపోతుంది, బెల్టు పెట్టాక పైన దుప్పటి కప్పండి. ఇల్లు చేరాక సీట్లోనే నిద్రపోతుంటే లేపడానికి మనసొప్పదు కానీ తీసి తొట్టిలో వెయ్యాలి.

కారు లేని వాళ్ళకి, ఉన్నవాళ్ళకి కూడా, ఒంటికి కట్టుకునే క్యారియర్ బాగా పనికొస్తుంది. బిడ్డ ముఖం ఎప్పుడూ కనిపించాలి, మీరు తల వంచితే నుదుటి మీద ముద్దు పెట్టేంత ఎత్తులో ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, తొడలకి ఆసరా ఉండి మోకాళ్ళు పిర్రలకన్నా కొంచెం పైకి ఉండాలి. తోపుడు బండి ఆగి కొనొచ్చు. కొంటే కొత్త పిల్లలకి వీపు పూర్తిగా చదునుగా వాలేది చూడండి.

స్టెప్ 6: స్నానానికి ఒక తొట్టి, మందులకి ఒక చిన్న డబ్బా

బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. తర్వాత నీళ్ళు 37, 38 డిగ్రీలు, మోచేయి ముంచి చూస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. స్నానంలో కూర్చోబెట్టే ప్లాస్టిక్ రింగులు కాపలా కాదండీ, ఫోన్ మోగిందని అటు తిరిగే లోపు 5 సెంటీమీటర్ల నీళ్ళలో కూడా మునిగిపోతారు.

డబ్బాలో డిజిటల్ థర్మామీటర్, ముక్కు దిబ్బడకి సెలైన్ చుక్కలు, చీమిడి లాగే రబ్బరు బల్బు, గోళ్ళకి చిన్న ఫైల్, మందు కొలిచే సిరంజి. 3 నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ చూపిస్తే ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, అర్ధరాత్రయినా సరే.

స్టెప్ 7: 6 నెలల దగ్గర రెండో లిస్ట్ తియ్యండి

మెడ నిలబెట్టి, ఆసరాతో కూర్చుని, మీరు తినేదాని వైపు చెయ్యి చాస్తుంటే ఎత్తు కుర్చీ కొనే టైమొచ్చినట్టు. బెల్టు ఉండాలి, కింద పాదాలు ఆనించే పలక ఉండాలి, ట్రే ఊడి రావాలి, కుట్లూ సందులూ తక్కువుండాలి లేకపోతే మెతుకులు అందులో ఇరుక్కుని వాసనొస్తాయి. మెత్తటి చెంచాలు రెండు, తుడిస్తే పోయే బిబ్ ఒకటి, చిన్న కప్పు ఒకటి.

పళ్ళొచ్చేటప్పుడు ఫ్రిజ్ లో చల్లబరచిన రబ్బరు టీథర్ (నమిలే బొమ్మ) చాలు, గడ్డకట్టించకండి. మెడలో వేసే టీథింగ్ దండలు గొంతుకి బిగుసుకోవచ్చు, తెగితే పూసలు మింగొచ్చు. నొప్పి తెలియకుండా చిగుళ్ళకి రాసే బెంజోకైన్ అనే మందున్న జెల్ రెండేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో గట్టిగానే చెప్పింది.

స్టెప్ 8: పాకడం మొదలయ్యే ముందే మీరు నేల మీద పాకి చూడండి

నవ్వకండి, నిజంగానే. వాళ్ళ ఎత్తులోంచి చూస్తే సోఫా కింద నాణెం, వేలాడే వైరు, తెరుచుకునే సొరుగు అన్నీ కనిపిస్తాయి. మెట్లుంటే గేటు, పై మెట్టు దగ్గరది గోడకి స్క్రూలతో బిగించేదై ఉండాలి. బీరువా, పుస్తకాల అర, టీవీ గోడకి బిగించాలి. టాయిలెట్ పేపర్ చుట్టే అట్ట గొట్టంలోంచి దూరి కిందపడే ప్రతి వస్తువూ గొంతులో ఇరుక్కునే వస్తువే. రిమోట్లలో ఉండే గుండ్రటి బిళ్ళ బ్యాటరీలు మరీ ప్రమాదం, మింగితే 2 గంటల్లోనే లోపల కాల్చేస్తాయి, స్క్రూతో మూసే మూత లేని వస్తువు పిల్లలకి అందకూడదు.

చక్రాల వాకర్ కొనొద్దు. పిల్లలు త్వరగా నడుస్తారని అందరూ అంటారు, నడవరు, పైగా అందులో కూర్చున్న బిడ్డ ఒక్క సెకనులో మీటరు దాకా దూసుకుపోతుంది, మెట్ల దగ్గరికో పొయ్యి దగ్గరికో, మనం లేచే లోపే. కెనడాలో 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించారు.

స్టెప్ 9: వాడినవి తీసుకోవాలా వద్దా

బట్టలు, స్నానపు తొట్టి, ఎత్తు కుర్చీ, పుస్తకాలు మొహమాటం లేకుండా తీసుకోండి. కార్ సీట్ మాత్రం దాని చరిత్ర మొత్తం తెలిసిన మనిషి ఇస్తేనే, ఒక్కసారి యాక్సిడెంట్ అయినా పనికిరాదు, పైగా వాటికి గడువు తేదీ ఉంటుంది, కింద ప్లాస్టిక్ మీద చూడండి. ఒకరే వాడేలా తయారైన పాల పంపులు, కుంగిపోయిన పరుపులు వద్దు.

ఏం తెమ్మంటారు అని ఎవరైనా అడిగితే సిగ్గుపడకుండా డైపర్లు, ఇప్పుడు వాడేదానికి పై సైజువి, అని చెప్పండి. అడగని వాళ్ళు ఎలాగూ 0-3 నెలల గౌనే తెస్తారు, దాని ట్యాగ్ మాత్రం పీకెయ్యకండి.