మేజర్‌ను చూసి చిన్న పేపర్లను మర్చిపోవద్దు

కడప వైపు ఈ ఏడాది డిగ్రీలో చేరే పిల్లలకు ఒక చిట్కా. బీఎస్సీలో కెమిస్ట్రీని మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా తీసుకున్నంత మాత్రాన కెమిస్ట్రీ పాసైతే సరిపోదు. ఇంగ్లిష్, తెలుగు, స్కిల్ కోర్సులు, పర్యావరణం... ఇవన్నీ డిగ్రీ లెక్కలోకే వస్తాయి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 ఫ్రేమ్‌వర్క్‌లో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు (పేపర్ పాసైతే ఖాతాలో పడే పాయింట్లు) కావాలి, మేజర్ వాటా అందులో 60. అంటే సగమే! మిగతాది మైనర్‌తో (మేజర్ తర్వాత రెండో సబ్జెక్టు) పాటు, మనం "ఆ, చదవకపోయినా పాసవుతాంలే" అనుకునే పేపర్లది.

అందుకే మొదటి వారంలోనే మీరు చేరిన సంవత్సరానికి యోగి వేమన యూనివర్సిటీ ఇచ్చిన కోర్సు స్ట్రక్చర్ ఆఫీసులో అడిగి, ఒక జిరాక్స్ తీసి పెట్టుకోండి. సీనియర్ల మాట విని మాత్రం లెక్క వేసుకోకండి. మన రాష్ట్రంలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చింది, అంతకు ముందు మూడు సబ్జెక్టులతో చదివినవాళ్ల లెక్క వేరు.

ప్రతి సెమిస్టర్ మార్కుల మెమో రాగానే ఆ జిరాక్స్ పక్కన పెట్టి, మొత్తం మార్కులకన్నా ముందు క్రెడిట్ల గడి చూడండి. ఎక్కడైనా సున్నా కనిపిస్తే సప్లిమెంటరీ ఫీజు గడువు ఎప్పుడో ఆ రోజే కనుక్కోండి. ఆఖరి సెమిస్టర్ దాకా లాగితే, పీజీ అడ్మిషన్ టైముకి ఆ చిన్న పేపరే పెద్ద టెన్షన్.