మంచు తుఫానా, హరికేనా: హెచ్చరికను చదివి సిద్ధపడే పద్ధతి

న్యూజెర్సీ నుంచి బోస్టన్ దాకా అమెరికా ఈశాన్య తీరంలో స్థిరపడిన తెలుగువారికి తుఫాను కొత్త మాట కాదు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నవారు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు అక్కడే ఉన్నవారు మనలో ఎందరో. అందువల్ల జనవరిలో టీవీలో "హరికేన్ స్థాయి గాలులు" అన్న మాట వినపడగానే మనసు ఆ అనుభవం మీదికే పోతుంది. ఊరు విడిచి వెళ్ళాలా, కిటికీలకు చెక్కలు బిగించాలా అని ఫోన్లు మొదలవుతాయి. ఆ హడావుడిలో చేయవలసిన పని ఒకటైతే చేసే పని మరొకటి అవుతుంది. ఈ తీరాన్ని చలికాలంలో పట్టి కుదిపే తుఫానును ఇక్కడ నారీస్టర్ అంటారు. దానికీ హరికేన్‌కూ పుట్టుకలోనే తేడా ఉంది, ఆ తేడా తెలిస్తే ఏ హెచ్చరికకు ఎలా సిద్ధపడాలో తేలికగా తెలుస్తుంది.

హరికేన్ బతికేది సముద్రపు వేడి మీద. నీటి ఉష్ణోగ్రత సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు పైబడి ఉన్నచోట ఆవిరి పైకి లేచి మేఘంగా మారేటప్పుడు విడుదలయ్యే వేడే దానికి బలం, కాబట్టి దాని నడిబొడ్డు చుట్టుపక్కల గాలి కంటే వెచ్చగా ఉంటుంది. మన బంగాళాఖాతపు తుఫానూ ఈ జాతిదే. నేల మీదికి రాగానే ఆ ఆవిరి సరఫరా తెగిపోయి నీరసించిపోతుంది. నారీస్టర్‌కు బలం వేరేచోట నుంచి వస్తుంది: కెనడా మీదుగా దిగే చలిగాలీ, గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం మీది వెచ్చని తేమగాలీ ఒకదానికొకటి ఎదురుపడినచోట, ఆ రెండింటి మధ్య ఉన్న ఉష్ణోగ్రత వ్యత్యాసమే దాన్ని పెంచుతుంది, చాలా ఎత్తున పడమర నుంచి వేగంగా వీచే గాలి, అంటే జెట్ ప్రవాహం, దానికి తోడవుతుంది. ఈ కారణంగానే అది నేల మీద ఉన్నా చప్పబడదు, సముద్రం చల్లగా ఉన్నా ఆగదు. ఒక్కోసారి కేంద్రంలో పీడనం ఒక్క రోజులో 24 మిల్లీబార్లు, అంతకు మించి కూడా పడిపోతుంది. "బాంబ్ సైక్లోన్" అని వార్తల్లో చెప్పేది దీన్నే. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు, నారీస్టర్లు తరచుగా వచ్చేది సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకు. అంటే శరదృతువులో రెండూ వచ్చే వీలుంది, కేవలం నెలను చూసి తేల్చుకోవడం కుదరదు.

ఉపగ్రహ చిత్రం చూసేవారు ముందుగా ఆకారం గమనించాలి. హరికేన్ గుండ్రంగా, చక్రంలా, నడుమ కన్నుతో కనిపిస్తుంది, భీకరమైన గాలి ఆ కంటి అంచున ఉంటుంది. నారీస్టర్ కామా గుర్తులా వందల మైళ్ళు సాగి, ఒక పక్క వెచ్చని గాలి హద్దు, మరో పక్క చలిగాలి హద్దు కలిగి ఉంటుంది. దాని గాలి అంతటా పరుచుకుంటుంది. కన్నొక్కటే చూసి నిర్ణయించకూడదు. 1978 ఫిబ్రవరిలో బోస్టన్‌ను 27 అంగుళాల మంచులో ముంచిన తుఫానుకు కూడా చిత్రంలో కన్నులాంటి ఖాళీ కనిపించింది.

ఇక "హరికేన్ స్థాయి" అన్న మాట సంగతి. అది గాలి వేగానికి కొలత మాత్రమే, గంటకు 74 మైళ్ళు, అంటే 119 కిలోమీటర్లు దాటిందని అర్థం. నడిసముద్రంలోని ఓడల కోసం అమెరికా వాతావరణ సంస్థ చలికాలపు తుఫానులకు కూడా ఈ పేరుతోనే హెచ్చరిక ఇస్తుంది. కాబట్టి ప్రకటన ఎవరిదో, ఎవరి కోసమో చూడండి. హరికేన్ అయితే మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం ప్రకటన ఉంటుంది. మంచు తుఫాను అయితే మీ ప్రాంతపు వాతావరణ కార్యాలయం హెచ్చరిక ఉంటుంది. పేరు ఉందా లేదా అన్నది కొలబద్ద కాదు, ఎందుకంటే 2012 నుంచి చలికాలపు తుఫానులకు పేర్లు పెడుతున్నది వెదర్ ఛానల్ అనే ప్రైవేటు టీవీ సంస్థ. ప్రభుత్వ సంస్థ ఆ పేర్లను వాడదు. "బ్లిజార్డ్" అన్న మాటకు మాత్రం కచ్చితమైన కొలత ఉంది. గంటకు 35 మైళ్ళకు తగ్గని గాలితో, ఎగిరే మంచు వల్ల పావు మైలు దూరం కూడా కనిపించని స్థితి కనీసం మూడు గంటలు ఉండాలి. ఎంత మంచు కురిసిందన్నది ఆ నిర్వచనంలో లేనే లేదు.

పరికరమేదీ లేకుండా ఇంటి ముందు నిలబడి చేయగల పరీక్ష ఒకటి ఉంది, నాకు ఫోన్‌లోని బొమ్మల కంటే దీని మీదే గురి ఎక్కువ. గాలి వీపుకు తగిలేలా నిలబడితే, భూమి ఉత్తరార్ధంలో అల్పపీడన కేంద్రం మీ ఎడమచేతి వైపు ఉంటుంది. ఈశాన్యం నుంచి గాలి వీస్తుంటే మీరు నైరుతి వైపు తిరిగి ఉంటారు, ఎడమచేతి వైపున ఆగ్నేయం, అంటే సముద్రం. తుఫాను ఆ సముద్రం మీద ఉందన్నమాట; నారీస్టర్ అన్న పేరు కూడా ఈ ఈశాన్య గాలి వల్లనే వచ్చింది. గంటలు గడిచేకొద్దీ గాలి ఈశాన్యం నుంచి ఉత్తరానికి, తర్వాత వాయవ్యానికి మళ్ళితే తుఫాను సముద్రం మీదుగానే దాటిపోతోంది, మంచు మంచుగానే కురుస్తుంది. అదే తూర్పుకు, ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం మీకు పడమరగా, నేల మీదుగా వెళ్తోంది. వెచ్చగాలి చొరబడి మంచు వానగా మారే అవకాశం ఎక్కువ. ఈ ప్రాంతపు వాతావరణ నిపుణులు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 70 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే బిందువును గుర్తుగా పెట్టుకొని చూస్తారు. తుఫాను ఆ దరిదాపుల్లో వెళ్తే బోస్టన్ పరిసరాల్లో భారీ మంచుకు అవకాశం బలంగా ఉంటుంది.

రెండు జాతులూ కలగలిసిపోయిన సందర్భం 2012లో ఎదురైంది. అక్టోబరు 29న శాండీ న్యూజెర్సీలోని బ్రిగాంటైన్ దగ్గర తీరం దాటడానికి కొద్దిసేపటి ముందే హరికేన్ లక్షణాలు కోల్పోయింది. తీరంలో ఉప్పెన, వెస్ట్ వర్జీనియా కొండల్లో అడుగుల లెక్కన మంచు. సాంకేతికంగా హరికేన్ కాకపోవడం వల్ల ఇంటి బీమాలో హరికేన్‌కు వర్తించే ఎక్కువ డిడక్టిబుల్ (నష్టంలో ఇంటివారే భరించవలసిన మొత్తం) వసూలు చేయరాదని న్యూజెర్సీ ప్రభుత్వం ప్రకటించింది. మీ పాలసీ తీసి ఆ షరతు ఎలా రాశారో ఈ రోజే చదవండి. వరద నష్టానికి మామూలు ఇంటి బీమా వర్తించదు, దానికి వేరే పాలసీ ఉండాలి.

తీరానికి దగ్గరగా ఉండేవారు గాలి కంటే వ్యవధిని ఎక్కువగా లెక్కలోకి తీసుకోవాలి. హరికేన్ సాధారణంగా కొన్ని గంటల్లో దాటిపోతుంది, నారీస్టర్ ఒక్కోసారి కదలకుండా తిష్ఠవేసి ఒక పోటు మీద మరో పోటును తోస్తుంది. 1962 మార్చి తుఫాను ఐదు పోట్ల పాటు తీరాన్ని కోసింది. 2018 జనవరి 4న బోస్టన్ రేవులో నీరు అక్కడి కొలత ప్రకారం 15 అడుగులు దాటి పాత రికార్డును మించింది. పోటు సమయాల పట్టిక చూసుకొని, కారును మొదటి పోటుకు ముందే మెరకకు చేర్చండి. మధ్యలో నీరు తీసిందని మళ్ళీ తెచ్చి పెట్టకండి.

సన్నాహం ఇక్కడే వేరుపడుతుంది. హరికేన్‌కు ఖాళీ చేయమంటే ఖాళీ చేయాలి, కన్ను దాటేటప్పుడు గాలి నిలిచిందని బయటికి రాకూడదు. మంచు తుఫానులో మాత్రం రోడ్లు మూసుకోకముందే ఇల్లు చేరి, రెండు మూడు రోజులు కరెంటు లేకుండా చలిలో గడపడానికి సిద్ధపడాలి. ఒక ఏడాది మా ఇంట్లో నడిరాత్రి ఇల్లు వెచ్చబరిచే ఫర్నెస్ ఆగిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా రెండు నిమిషాలు తిరిగి ఆగేది. టార్చిలైటు పట్టుకొని వెళ్ళి చూస్తే, ఫర్నెస్ గాలి పీల్చుకొని పొగ వదిలేందుకు పక్క గోడకు మోకాలి ఎత్తున ఉండే రెండు తెల్లని పైపులు గాలి తోసిన మంచులో పూర్తిగా పూడిపోయి ఉన్నాయి. చేతులతో తవ్వితీసిన నిమిషానికి ఫర్నెస్ అంటుకుంది. ఆ పైపులు మీ గోడకు ఎక్కడున్నాయో పగలే చూసి పెట్టుకోండి. పొగలో ఉండే, వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారానికి బ్యాటరీలు మార్చండి. జనరేటర్‌ను ఇంటికి కనీసం 20 అడుగుల దూరాన పెట్టాలి, గరాజ్‌లో తలుపు తెరిచి ఉన్నా సరే నడపకూడదు. కారు స్టార్ట్ చేసే ముందు వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీయాలి.

మంచు ఎత్తడం గుండెకు పెద్ద శ్రమ, అందుచేత ప్రతి ఆరు అంగుళాలకు ఒకసారి, కొద్దికొద్దిగా తీయడమే మేలు. వాకిట్లో తీయగా మిగిలిన తడి మంచు విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. తుఫాను దాటి గాలి వాయవ్యానికి మళ్ళాక చలి చప్పున దిగుతుంది, పొద్దుగూకేలోపు తీయని మంచు తెల్లవారేసరికి పారకు లొంగని గడ్డ అవుతుంది.