చిన్న పెరట్లో బ్లూబర్డ్ గూడు పెట్టె: చోటు ఎలా ఎంచుకోవాలి?

అమెరికా సబర్బుల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల స్థలాలు చాలావరకు పావెకరమో అంతకన్నా తక్కువో. పావెకరమంటే మన లెక్కలో 1,210 గజాలు. ఇల్లు, డ్రైవ్‌వే పోగా మిగిలిన ఆ పెరట్లో చెక్కపెట్టె నిలిపితే, బ్లూబర్డ్ అనే నీలిరంగు చిన్న పక్షి అందులో గూడు కడుతుందా అంటే, కడుతుంది. అయితే పెద్ద పొలం ఉన్నవాళ్లు నాలుగైదు చోట్ల పెట్టెలు నిలిపి ఏది పనికొస్తుందో చూసుకోగలరు. చిన్న పెరట్లో సరిపడే చోటు సాధారణంగా ఒక్కటే ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడమే ఇక్కడ అసలు పని.

బ్లూబర్డ్ ముక్కుకు చెట్టును తొలిచే బలం లేదు. వడ్రంగి పిట్ట వదిలేసిన తొర్రలోనో, ఎండుమాను కుళ్లి ఏర్పడిన బొరియలోనో గుడ్లు పెడుతుంది. ఒకవైపు ఎండుచెట్లను నరికేస్తూ పోయారు. ఇంకోవైపు ఐరోపా నుంచి తెచ్చి వదిలిన రెండు పక్షులు మిగిలిన తొర్రలను ఆక్రమించాయి. 1850ల మొదట్లో బ్రూక్లిన్‌లో వదిలిన పిచ్చుక ఒకటి, 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వదిలిన స్టార్లింగ్ ఇంకొకటి. ఈ స్టార్లింగ్ మన గోరింకల కుటుంబమే. ఇరవయ్యో శతాబ్దంలో బాగా తగ్గిపోయిన బ్లూబర్డ్‌లు మళ్లీ కోలుకున్నాయంటే, జనం ఊరూరా నిలిపిన చెక్కపెట్టెలే ముఖ్య కారణం. 1978లో లారెన్స్ జెలెనీ స్థాపించిన నార్త్ అమెరికన్ బ్లూబర్డ్ సొసైటీ ఆ పనిని దేశమంతా వ్యాపింపజేసింది.

1. ముందు పెరడు కాదు, వీధి చూడండి

ఈ పక్షి తీగ మీదో తక్కువ ఎత్తు కొమ్మ మీదో కూర్చుని, గడ్డిలో కదిలే పురుగును దూరం నుంచే కనిపెట్టి, ఒక్కసారిగా కిందికి వాలి పట్టుకుంటుంది. అందుకే దానికి పొట్టి గడ్డి, అక్కడక్కడ చెట్లు ఉన్న బయలు కావాలి. ఒక జంట తిరిగే మేర మీ పెరటికన్నా చాలా పెద్దది, కొన్ని ఎకరాలు ఉంటుంది. కాబట్టి మీ కంచె అవతల ఏముందో చూడాలి. బడి మైదానం, గోల్ఫ్ కోర్సు, శ్మశానం, వాననీటి చెరువు గట్టు, వరసగా నాలుగైదు ఇళ్ల లాన్‌లు కలిసిన ఖాళీ ఉంటే చిన్న పెరడైనా చాలు. చుట్టూ దట్టమైన అడవి ఉన్నా, గడ్డి కనిపించని టౌన్‌హోమ్ వరసలున్నా ఈ పక్షి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఏ పక్షి ఎక్కడ కనిపించిందో జనం నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్ పటంలో మీ ఊరు వెతికితే అక్కడ ఏ రకం బ్లూబర్డ్ కనిపిస్తుందో తెలుస్తుంది. న్యూజెర్సీ, నార్త్ కరోలినా, జార్జియా, డల్లాస్ ప్రాంతాల్లో ఉండేది ఈస్టర్న్ బ్లూబర్డ్. పెట్టెకు ఒకటిన్నర అంగుళాల గుండ్రటి రంధ్రం దానికి సరిపోతుంది. కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండే వెస్టర్న్ బ్లూబర్డ్‌కు రంధ్రం 1 9/16 అంగుళాలు ఉండాలి. ఈ రెండు కొలతల్లోనూ స్టార్లింగ్ పట్టదు. పెట్టె ముందు చిన్న కర్రపుల్ల బిగించి ఉంటే పీకేయండి. బ్లూబర్డ్‌కు దాని అవసరం లేదు, పిచ్చుకకు మాత్రం అది చక్కగా పనికొస్తుంది.

2. కాగితం మీద పెరడు గీసి, కుదరని చోట్లు కొట్టేయండి

టేపుతో కొలిచి ఇల్లు, కంచె, చెట్లు, పొదలు, స్ప్రింక్లర్లు, పిల్లల ఊయల, పక్షులకు గింజలు వేసే ఫీడర్, అన్నీ గుర్తు పెట్టుకోండి. తర్వాత ఒక్కొక్కటీ తీసేస్తూ రండి.

కంచె నుంచి 10 అడుగుల లోపలి చోటు వద్దు. పిల్లులు, రకూన్లు (రాత్రిపూట తిరిగే, చెట్లెక్కే అడవి జంతువులు) రాత్రిళ్లు కంచె పైఅంచు మీదే నడుస్తాయి, అక్కడి నుంచి పెట్టె మీదికి దూకగలవు. ఇదే కారణంతో చెట్టు కొమ్మ చివర నుంచి కూడా 10 అడుగులు వదలండి. కొలవాల్సింది కాండం నుంచి కాదు, కొమ్మ కొస నుంచి.

పొదలకు వీలైనంత దూరం పోవాలి. వాటిలో తిరిగే హౌస్ రెన్ అనే బుల్లి పిట్ట పక్క గూళ్లలోకి దూరి గుడ్లకు చిల్లులు పొడుస్తుంది. గుబురు నుంచి 100 అడుగులు ఉంటే మంచిది. చిన్న పెరట్లో అది దొరకదు కాబట్టి, మీకున్న దానిలో పొదలకు అన్నిటికన్నా దూరమైన చోటు తీసుకోండి. కంచె వెంట గుబురుగా పెరిగిన పొదలుంటే వాటిని తగ్గించడం కూడా సాయపడుతుంది.

ఫీడర్ ఇంటికి ఒకవైపు ఉంటే పెట్టె రెండోవైపు ఉండాలి. స్ప్రింక్లర్ చిమ్మే నీళ్లు రంధ్రంలోకి పోకూడదు. దీన్ని చాలామంది మరిచిపోతారు, తడిసిన గూట్లో పిల్లలు చలికి చచ్చిపోతాయి.

ఒక లెక్క చూద్దాం. ఇంటి వెనక 60 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు ఉన్న పెరడు, మూడు వైపులా కర్రకంచె. రెండు పక్కలా పదేసి అడుగులు తీస్తే వెడల్పు 40. వెనక కంచెకు 10, ఇంటి వైపు కూర్చునే చోటుకు 15 తీస్తే లోతు 15. ఆ పట్టీకి ఒక మూలన క్రేప్ మర్టిల్ చెట్టు ఉంటే, దాని కొమ్మల దూరం కూడా పోగా మిగిలేది ఆ పట్టీలో ఒక భాగమే. మీ చోటు అదే. అది కూడా మిగలకపోతే ఇంటి ముందు వైపు గీసి చూడండి. కంచె ఉండదు, ఎదురింటి లాన్‌తో కలిసి బయలు పెద్దదవుతుంది కాబట్టి చాలా ఇళ్లకు ముందు వైపే మేలు. కానీ వేగంగా కార్లు పోయే రోడ్డయితే వద్దు, ఈ పక్షి నేలకు దగ్గరగా ఎగురుతుంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే ఇంటి ముందు గుంజ పాతడానికి ముందుగా అనుమతి అడగండి.

3. రంధ్రం ఎటు చూడాలి

తూర్పు లేదా ఈశాన్యం మంచిది. పొద్దుటి ఎండ తగిలి గూడు వెచ్చబడుతుంది, మధ్యాహ్నం ఎండ ముఖం మీద పడదు. టెక్సాస్, జార్జియా వంటి చోట్ల పడమటి ముఖం పెట్టొద్దు, జూన్‌లో పెట్టె పొయ్యిలా కాగుతుంది. మీ ప్రాంతంలో వానజల్లు ఎటు నుంచి కొడుతుందో అటు కూడా వద్దు.

దిక్కు కన్నా ముఖ్యమైనది ఎదురుగా ఏముందన్నది. రంధ్రం ముందు అడ్డు లేకుండా ఉండి, 25 నుంచి 100 అడుగుల లోపు ఒక చెట్టు కనబడాలి. పిల్లలు గూడు దాటే మొదటి రోజు ఆ చెట్టుదాకా ఎగరగలిగితే బతుకుతాయి, చేరలేక గడ్డిలో పడినవి పిల్లి నోట్లో పడతాయి. తూర్పున గోడ, దక్షిణాన బయలు, దాని చివర చెట్టు ఉంటే దక్షిణమే ఎంచుకోండి. ఇంటి అద్దాలకు ఎదురుగా మాత్రం పెట్టకండి. మగపక్షి తన ప్రతిబింబాన్ని పోటీదారు అనుకుని రోజంతా కిటికీతో కొట్లాడుతుంది.

4. రెండు రోజులు చూసి ఖాయం చేసుకోండి

ఎంచుకున్న చోట ఒక కర్ర పాతి పొద్దున 8కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 4కి ఎండ ఎక్కడ పడుతుందో చూడండి. మార్చిలో నీడ లేకపోయినా ఆకులు వచ్చాక సాయంత్రపు నీడ రావచ్చు, అది మంచిదే. స్ప్రింక్లర్ ఒకసారి తిప్పి చూడండి. పిల్లలు బంతి ఎటు కొడతారో గమనించండి. మనుషులు అటూ ఇటూ నడవడం ఈ పక్షికి పెద్ద బెడద కాదు, రంధ్రానికి ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవడం మాత్రం బెడదే.

5. గుంజ, దాని మీద అడ్డుగొట్టం

చెట్టుకు, కంచెకు మేకుతో కొట్టడం తేలికే, కానీ అలా పెడితే రకూన్‌కు, పాముకు మెట్లు కట్టి ఇచ్చినట్టే. నున్నటి ఇనుప పైపు మీదే పెట్టాలి.

తవ్వేముందు 811కి ఫోన్ చేయండి. గ్యాసు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో ఉచితంగా వచ్చి గుర్తులు పెడతారు. కొన్ని పనిదినాలు పడుతుంది కాబట్టి ముందే చేయాలి. తర్వాత అరంగుళం మందం, 4 అడుగుల పొడవు ఉన్న రీబార్ చువ్వను (కాంక్రీటులో వేసే ఇనుప చువ్వ) 2 అడుగులు నేలలోకి దిగ్గొట్టండి. దాని మీద ముప్పావు అంగుళం ఈఎంటీ పైపు (కరెంటు తీగలు దూర్చే నున్నటి లోహపు గొట్టం), 6 అడుగులది తొడగండి. వదులుగా ఉంటే చువ్వకు టేపు చుట్టండి. పెట్టె వెనక చెక్కను రెండు పైపు క్లాంపులతో బిగించండి. రంధ్రం నేల నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటే చాలు, మీరు నిచ్చెన లేకుండా మూత తెరిచి చూడగలగాలి.

పెట్టె అడుగుకు కాస్త దిగువగా 8 అంగుళాల వ్యాసం, 24 అంగుళాల పొడవున్న పొయ్యిగొట్టం రేకును పైపు చుట్టూ వేలాడదీయండి, జంతువులు పైకి ఎక్కకుండా ఆపే అడ్డుగొట్టం ఇదే. దాని పైభాగాన్ని సన్న కన్నాల ఇనుప జాలీతో పూర్తిగా మూసేయాలి. జాలీకి, పైపుకు మధ్య వేలు దూరే సందు ఉన్నా ర్యాట్ స్నేక్ అనే చెట్లెక్కే పాము లోపలి నుంచి పైకి వచ్చేస్తుంది. గొట్టం కాస్త ఊగుతూ ఉండటమే మంచిది. పైపుకు గ్రీజు పూయకండి, ఎండకు ఆరిపోతుంది, పక్షి ఈకలకు అంటితే హాని.

6. పిచ్చుక సంగతి

మన ఊళ్లలో చూరుకు వరికుచ్చులు వేలాడదీసి పిచ్చుకలను పిలుచుకుంటాం. అవి తగ్గిపోతున్నాయని బాధపడతాం, ఆ బాధ నిజమైనదే. కానీ అమెరికాలో అదే పిచ్చుక పరాయి పక్షి. బ్లూబర్డ్ గూట్లోకి దూరి పిల్లలను, ఒక్కోసారి తల్లినీ పొడిచి చంపుతుంది. పెరట్లో నూకలు, మిగిలిన అన్నం, మిల్లెట్ గింజలు చల్లితే ఎంత మంచి చోట పెట్టినా పెట్టె పిచ్చుకదే అవుతుంది. పెట్టె నిలిపే నెల ముందు నుంచే అవన్నీ మానేయండి.

వారానికి ఒకసారి మూత తెరిచి చూడండి. సన్నటి గడ్డి, పైన్ పుల్లలతో నీటుగా గిన్నెలా కట్టి ఉంటే బ్లూబర్డ్. గుడ్లు మచ్చల్లేని లేత నీలం, అరుదుగా తెలుపు. గడ్డి, ఈకలు, కాగితం ముక్కలు చిందరవందరగా పైదాకా కుక్కి ఉంటే పిచ్చుక. దాని గుడ్ల మీద గోధుమరంగు చుక్కలుంటాయి. 1918 నాటి వలస పక్షుల చట్టం పిచ్చుకను కాపాడదు, దాని గూడు తీసేయవచ్చు. అమెరికా సొంత పక్షి గుడ్లున్న గూటిని మాత్రం కదపకూడదు. తీసిన కొద్దీ పిచ్చుక కడుతూనే ఉంటే రెండు వారాలు రంధ్రం మూసేయండి. అప్పటికీ వదలకపోతే పెట్టె దించేయడమే న్యాయం. పిచ్చుకలను పెంచే పెట్టె కన్నా పెట్టె లేకపోవడమే బ్లూబర్డ్‌కు మేలు.

బ్లూబర్డ్ మొదటి గుడ్డు పెట్టాక పెట్టె పైన మెరిసే మైలార్ (పల్చటి ప్లాస్టిక్) రిబ్బన్లు కొన్ని కట్టి, మూత మీద తాకీతాకనట్టు ఊగనివ్వండి. పిచ్చుకలు వాటికి బెదురుతాయి, గుడ్లున్న తల్లి బెదరదు. గుడ్డుకు ముందే కడితే తల్లి కూడా రాదు.

7. ఒక పెట్టె చాలు

బ్లూబర్డ్ జంటలు ఒకదానికొకటి దాదాపు 300 అడుగుల దూరం కోరతాయి కాబట్టి చిన్న పెరట్లో రెండో జంట కోసం రెండో పెట్టె దండగ. ఇలాంటి పెట్టెల్లోనే గూడు కట్టే ట్రీ స్వాలో అనే మరో పక్షి ఎక్కువగా ఉండే ఉత్తరాది రాష్ట్రాల్లో మాత్రం 15 అడుగుల దూరంలో ఇంకొకటి పెట్టవచ్చు. ఒకదాన్ని స్వాలో తీసుకుని మిగతా స్వాలోలను తరిమేస్తుంది, రెండోది బ్లూబర్డ్‌కు మిగులుతుంది.

8. గూడు చెడిపోతే చోటులో తప్పు ఏమిటో చదవండి

దక్షిణాదిలో ఫిబ్రవరి మొదటికి, ఉత్తరాన మార్చి మధ్యకు పెట్టె సిద్ధంగా ఉండాలి. తల్లి రోజుకు ఒకటి చొప్పున నాలుగైదు గుడ్లు పెడుతుంది. పొదగడానికి 12 నుంచి 14 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో 17 నుంచి 21 రోజులు. పిల్లలకు 13 రోజులు నిండాక మూత తెరవకండి, బెదిరి రెక్కలు రాకముందే బయటికి దూకేస్తాయి.

గుడ్లకు సన్న చిల్లులు పడి, కొన్ని పెట్టె కింద పడి ఉంటే హౌస్ రెన్ వచ్చిందని అర్థం, వచ్చే ఏడు పొదల నుంచి ఇంకా జరపాలి. గూడు చెదరకుండా గుడ్లు మాత్రం మాయమైతే చాలాసార్లు పాము పనే, జాలీ సందులు చూడండి. గడ్డి రంధ్రంలోంచి బయటికి లాగి ఉంటే రకూనో పిల్లో దూకే దూరంలో ఉన్నట్టు, కొమ్మ కొసలు మళ్లీ కొలవండి. గూడు తడిసి ఉంటే స్ప్రింక్లరో జల్లు దిక్కో కారణం. పురుగుమందు కొట్టించిన లాన్ పక్కన పెట్టె ఖాళీగా ఉంటే దాని చోటును తప్పు పట్టకండి, అక్కడ తినడానికి ఏమీ లేదు.

గుడ్లు ఉండగా పెట్టెను జరపొద్దు. ఆగస్టు దాటి చివరి పిల్లలు పోయాక పాత గూడు తీసి శుభ్రం చేసి, మార్చాలంటే అప్పుడు మార్చండి. చలికాలంలో దించేయకండి. గడ్డకట్టే రాత్రుల్లో నాలుగైదు బ్లూబర్డ్‌లు ఒకే పెట్టెలో ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి.