రెండు చెస్ ఇంజిన్లు రెండు మాటలు చెబితే

ఒకే పొజిషన్‌ని స్టాక్‌ఫిష్ +1.2 అంటుంది, లీలా +0.5 అంటుంది. ఇవి చెస్ ఎత్తుల్ని లెక్కగట్టే ప్రోగ్రామ్‌లు; ఆ అంకె ఎవరికి ఎంత ఆధిక్యం ఉందో చెప్పే స్కోరు. ఎవరి మాట వినాలో తెలియక తల పట్టుకుంటాం.

ఆ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి. డెప్త్‌ని (ఎన్ని ఎత్తుల ముందుకు చూసిందన్న లెక్క) అయితే అసలే వద్దు. స్టాక్‌ఫిష్ పనికిరాని దారుల్ని కత్తిరించుకుంటూ సెకనుకు లక్షల పొజిషన్లు తిరగేస్తుంది. లీలా అంతకన్నా చాలా తక్కువ చూస్తుంది, కానీ ఒక్కోదాన్నీ పెద్ద న్యూరల్ నెట్‌వర్క్‌తో తూకం వేస్తుంది. దీని 30 డెప్త్, దాని 12 డెప్త్ ఒకే కొలత కాదు.

ఇంజిన్ సెట్టింగ్స్‌లో 'యూసీఐ షో డబ్ల్యూడీఎల్' ఆన్ చేసి, మల్టీపీవీ (ఒకేసారి ఎన్ని మంచి ఎత్తులు చూపాలో చెప్పే సెట్టింగ్) 3 పెట్టండి. రెండింటికీ సమానంగా 60 సెకన్ల టైమ్ ఇవ్వండి. స్కోరుతో పాటు 420 560 20 లాంటి మూడు అంకెలు కనిపిస్తాయి. వెయ్యికి ఎన్ని గెలుపులు, ఎన్ని డ్రాలు, ఎన్ని ఓటములు అన్న అంచనా అది, ఎత్తు వేయాల్సినవాళ్ల వైపు నుంచి. ఇక్కడైతే రెండింటినీ కాస్త పోల్చుకోవచ్చు.

అయినా మొదటి ఎత్తు దగ్గరే తేడా వస్తే, స్టాక్‌ఫిష్ చెప్పిన ఎత్తు బోర్డు మీద వేసి లీలాని అడగండి. తర్వాత లీలా ఎత్తు వేసి స్టాక్‌ఫిష్‌ని అడగండి. చాలాసార్లు రెండింట్లో ఒకటి మాట మార్చేస్తుంది!

గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లో మాత్రం లీలాది నత్తనడక. ఆ 60 సెకన్లలో అది చూసేది మరీ తక్కువ కాబట్టి, చంపుడు ఎత్తులు, చెక్‌లు వరసగా ఉన్న పొజిషన్లలో స్టాక్‌ఫిష్ మాటే వినండి.