ఫ్లాంక్ అని అరిచే ముందు

పర్లాకిమిడి, గుణుపురం వైపు బీజీఎంఐ (ఫోన్‌లో జట్టుగా ఆడే షూటింగ్ గేమ్) ఆడే కుర్రాళ్లకో మాట. మన స్క్వాడ్‌లో ఇద్దరు తెలుగువాళ్లు, ఇద్దరు ఒడియావాళ్లు ఉండడం మామూలే. ఫైట్ టెన్షన్‌లో అందరికీ అర్థమయ్యేవి ఆ నాలుగు ఇంగ్లిష్ మాటలే. వాటినీ అడ్డదిడ్డంగా వాడితే ఎలా?

ఎక్కువగా నలిగిపోయేది ఫ్లాంక్. నలుగురూ కలిసి గోడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తే అది ఫ్లాంక్ కాదు, వట్టి చుట్టుతిరుగుడు. ఇద్దరు ఎదురుగా కాలుస్తూ ఎనిమీ చూపు అటే ఉంచాలి. మిగతావాళ్లు పక్కనుంచి రావాలి. ఎదురుగా ఎవరూ లేకపోతే వాడు మీవైపే తిరుగుతాడు మరి! రొటేట్ అన్నా అంతే. ఆడే చోటుని చుట్టూ కుదించుకుంటూ వచ్చే జోన్ నెత్తిమీదికొచ్చాక పరిగెత్తడం కాదు, ముందే చూసుకుని తర్వాతి చోటుకి మారడం.

కాబట్టి ఫ్లాంక్ అన్న మాటతో పాటు ఎవరు, ఎటు అన్నది కూడా చెప్పండి. స్క్రీన్ పైన కంపాస్‌లో అంకె కనిపిస్తుంది కదా: "నేను ఇక్కడే కాలుస్తా, నువ్వు 120 వైపు వెళ్లి ఫ్లాంక్." అంకె ఇంగ్లిష్‌లోనే చెప్పండి. లెఫ్ట్, రైట్ మాత్రం వద్దు, ఎవరి లెఫ్ట్ వాళ్లదే.