టూరిన్‌లో శరదృతువు వానలు: పో నది ఒడ్డున కొత్తగా కాపురం పెట్టేవాళ్లకు జాగ్రత్తలు

సెప్టెంబరులో పాలిటెక్నికో అనే ఇంజనీరింగ్ యూనివర్సిటీలో చేరడానికి ఇటలీలోని టూరిన్ వచ్చే మన స్టూడెంట్లకు పో నది మొదట చాలా సాధువుగా కనిపిస్తుంది. వేసవికి నీళ్లు తగ్గి ఉంటాయి. రోయింగ్ క్లబ్బు పడవలు తిరుగుతుంటాయి, వాలెంతీనో పార్కులో జనం ఒడ్డు దాకా వెళ్లి కూర్చుంటారు. ఈ ఊరికి వానాకాలం జూన్‌లో రాదు. అక్టోబరు, నవంబరు నెలల్లోనే భయం ఎక్కువ. 1994 నవంబరులో టూరిన్ ఉన్న పీడ్‌మాంట్ ప్రాంతంలో వరదలకు పదుల సంఖ్యలో జనం చనిపోయారు. 2000 అక్టోబరులో టూరిన్ వీధుల్లోకే నీళ్లొచ్చాయి. 2016 నవంబరులో మళ్లీ వరద. కాబట్టి వచ్చిన మొదటి నెలలోనే ఈ సంగతులు తెలుసుకోవాలి.

పో నది మోన్‌వీజో పర్వతం కింద సుమారు 2,000 మీటర్ల ఎత్తులో పుట్టి, 652 కిలోమీటర్లు ప్రవహించి ఏడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. కొండలు దిగి మైదానంలోకి వచ్చాక దానికి తగిలే మొదటి పెద్ద ఊరు టూరిన్. పోలో కలవడానికి డోరా రిపారియా, స్తూరా, సంగోనే నదులు కూడా ఇక్కడికే వస్తాయి. శరదృతువులో మధ్యధరా సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. దక్షిణపు గాలి ఆ తేమను మోసుకొచ్చి, పీడ్‌మాంట్‌ను మూడు వైపులా చుట్టుకున్న కొండలకు గుద్దుకుంటుంది. చలి ఎక్కువగా ఉంటే పైన పడేది మంచు, అది కొండమీదే ఆగుతుంది. గాలి వెచ్చగా ఉంటే అంత ఎత్తులోనూ వానే పడుతుంది, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కిందికొస్తాయి. అందుకే వాతావరణ సూచనలో ఎన్ని మిల్లీమీటర్ల వానో చూసి ఊరుకోకండి. మంచు ఎంత ఎత్తు నుంచి పడుతుందని రాశారో కూడా చూడండి. ఆ ఎత్తు పెరిగిన కొద్దీ నదికి నీళ్లు ఎక్కువ.

గోదావరి పక్క నుంచి వచ్చినవాళ్లు ఒక తేడా గమనించాలి. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంటే నది పెరిగాక ఇచ్చే హెచ్చరికలు. పైనుంచి వరద రావడానికి టైం పడుతుంది కాబట్టి సర్దుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. టూరిన్‌కు కొండలు దగ్గర. నది గంటల్లో పెరుగుతుంది, అందుకని ఇక్కడ వాన పడకముందే అంచనా మీద రంగు ప్రకటిస్తారు: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఆర్పా పీమోంతే అనే ప్రాంతీయ సంస్థ ఒక్కో నదీ ప్రాంతానికి విడివిడిగా ఈ బులెటిన్ ఇస్తుంది. ఆ పేజీని ఫోన్‌లో సేవ్ చేసుకోండి. నారింజ ప్రకటించిన రోజు మీ కిటికీలోంచి ఎండ కనిపించవచ్చు. దాన్ని చూసి 'ఊరికే భయపెడుతున్నారు' అనుకోవద్దు. వాన పడేది మీ వీధిలో కాదు, పైన లోయల్లో.

ఇక అసలు ప్రమాదకరమైన చోటు మురాత్సీ. వీయా పో వీధి చివర పియాత్సా విత్తోరియో దాటగానే, వంతెన పక్కన మెట్లు దిగితే నీటి పక్కనే రాళ్లు పరిచిన నడక దారి ఉంటుంది. 19వ శతాబ్దంలో కట్టిన కరకట్ట ఇది. దాని కింది కమాను గదుల్లో ఒకప్పుడు పడవలు పెట్టుకునేవాళ్లు, తర్వాత అవి బార్లు, క్లబ్బులు అయ్యాయి. రాత్రిపూట స్టూడెంట్లు చేరేది ఇక్కడే. 2016 నవంబరులో ఈ దారి మొత్తం నీళ్ల కింద పోయింది. పక్కనే కట్టేసి ఉన్న రెండు టూరిస్టు పడవలు తాళ్లు తెంచుకుని కొట్టుకుపోయి, నెపోలియన్ కాలంలో మొదలుపెట్టిన రాతి వంతెనను గుద్దుకున్నాయి. అంత బరువున్న పడవలనే నది అలా లాక్కుపోయింది. 2025 ఏప్రిల్‌లో కూడా మురాత్సీ మునిగింది, కాబట్టి వసంతకాలం వానల్లోనూ అజాగ్రత్త పనికిరాదు.

నీళ్లు పాలు కలిపిన కాఫీ రంగుకు మారి, చెట్ల కొమ్మలు, దుంగలు తేలుతూ వస్తున్నాయంటే వెంటనే పైకి వచ్చేయండి. వీడియో తీసుకోవాలనిపిస్తే వీధి మట్టం నుంచే తీసుకోండి. ఎరుపు హెచ్చరిక ఉన్నప్పుడు వంతెనల మీద కూడా నిలబడొద్దు. మునిసిపాలిటీ అడ్డం పెట్టిన బారికేడు దాటి ఎవరో దిగారని మీరు దిగకండి.

ఇళ్ల విషయానికొస్తే, ఇక్కడి పాత అపార్ట్‌మెంట్లకు కింద భూగర్భంలో 'కాంతీనా' అనే సామాన్ల గది ఉంటుంది. మన పిల్లలు ఇండియా నుంచి తెచ్చిన పెద్ద సూట్‌కేసులు అందులోనే పెడతారు. ఖాళీ సూట్‌కేసులైతే సరే. ఒరిజినల్ సర్టిఫికెట్లు, చలికాలం బట్టలు మాత్రం అందులో ఉంచకండి. పాస్‌పోర్టు, పెర్మెస్సో (ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి పత్రం) రసీదు, డిగ్రీ పత్రాలు ఒక ప్లాస్టిక్ కవరులో వేసి గదిలో ఎత్తుగా పెట్టుకోండి. నీళ్లు రావడం మొదలయ్యాక ఏ వస్తువు కోసమైనా సరే, కాంతీనాలోకో కింది గ్యారేజీలోకో దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. నీటి బరువుకు తలుపు తెరుచుకోదు, లిఫ్టు ఆగిపోతుంది, కరెంటు వైర్లు అక్కడే ఉంటాయి. వరదల్లో మనుషులు ఇలాంటి చోట్ల చిక్కుకుపోతుంటారు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడే నది ఎంత దూరమో, మీది ఎన్నో అంతస్తో, మెయిన్ స్విచ్ ఎక్కడుందో అడగండి.

యూనివర్సిటీ వాళ్ల ఐనావుది క్యాంపస్ డోరా పక్కనే ఉంది. ఆ చుట్టుపక్కల గదులు వెతుక్కునేవాళ్లు ఈ ప్రశ్న గట్టిగా అడగాలి. డోరా ఇరుకైన నది, 2000లో ఊళ్లోకి పొంగింది.

వానలో నడవడానికి మాత్రం ఈ ఊరు చాలా బాగుంటుంది. నగరం నడిబొడ్డున కిలోమీటర్ల కొద్దీ కమానుల వరండాలు ఉన్నాయి. వీయా పోలో ఒక వైపు అడ్డవీధుల మీదా పైకప్పు వేశారు, రాజుగారు తడవకుండా రాజభవనం నుంచి నది దాకా నడవడానికే అలా కట్టారని చెబుతారు. ఆ వరండాల కింద హాయిగా నడవండి. నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి మాత్రం సైకిల్, స్కూటర్, కారు ఏదీ దించకండి.

నదికి అవతల కొండ ఉంది, దాని మీద సుపెర్గా బసిలికా అనే పెద్ద చర్చి. పెద్ద వానల తర్వాత ఆ కాలిబాటలు జారుతాయి, మట్టి విరిగిపడుతుంది. పైన మేఘం దిగిందంటే పది అడుగుల దూరం కనిపించదు. 1949 మే 4న అలాంటి వాతావరణంలోనే తొరీనో ఫుట్‌బాల్ జట్టు విమానం బసిలికా వెనక గోడను గుద్దుకుని 31 మంది చనిపోయారు. ఆ స్మారకం దగ్గరికి తప్పకుండా వెళ్లండి, కానీ తేటగా ఉన్న రోజు చూసుకుని వెళ్లండి.

అక్టోబరు 15 నుంచి హీటింగ్ వేస్తారు. వంటింటి గోడకు గాలి కోసం పెట్టిన కన్నం ఉంటే చలికి భయపడి దాన్ని గుడ్డతో మూయకండి. గ్యాస్ బాయిలర్ సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు వాసన ఉండదు.

ఎరుపు ప్రకటిస్తే మేయర్ ఆర్డరుతో క్లాసులు రద్దు కావచ్చు, బయల్దేరే ముందు మెయిల్ చూసుకోండి. అన్ని ఎమర్జెన్సీలకూ నంబరు 112. ఇటాలియన్ రాకపోయినా ఇంగ్లీషులో చెప్పండి, ముందుగా అడ్రసు చెప్పండి. 'ఇటలీలో వరదలు' అని టీవీలో రాగానే ఇక్కడికి రాత్రి అని కూడా చూడకుండా ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. ముందే అమ్మానాన్నలకు ఒక మెసేజ్ పెట్టి ఫోన్ ఛార్జింగ్ మిగుల్చుకోండి.

నీళ్లు తగ్గాక బురద ఎత్తే ముందు కరెంటు ఆపారో లేదో అడగండి. పాడైన సామాన్లను ఫొటోలు తీశాకే పారేయండి. ఇంటి ఓనరుకూ బిల్డింగ్ అడ్మినిస్ట్రేటరుకూ ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేయండి.